ఉద్యానవనములందు కుక్కలు: యజమానుల కర్తవ్యము

పట్టణములందు ఇంటిముంగిట నాలుగు గజముల ఖాళీస్థలము గలవారు నానాటికి తగ్గిపోవుచున్నారు. మన సైదాబాదు, సంతోష్‌నగరు, చంపాపేట ప్రాంతములలో పూర్వము పెరళ్లు గల యిండ్లున్న చోట్ల నేడు అంతస్తులమీద అంతస్తులు లేచినవి. అట్టి యిండ్లలోని పిల్లలకు ఆటస్థలము, వృద్ధులకు విహారస్థలము కాలనీ పార్కొక్కటియే. పెంపుడు కుక్కకును అదియే దిక్కు. ఇందఱికిని ఒకటే స్థలమైనప్పుడు తగవు పుట్టుట సహజము. ఆ తగవును న్యాయముగా తీర్చు మార్గమేదియో విచారింతము.

కుక్కలను పార్కులోనికి రానీయనే కూడదని కొందఱందురు. "మా కుక్క ఏమియు చేయదు, భయపడకుడు" అని మఱికొందఱందురు. ఈ రెండు మాటలును తగవు తీర్చునవి కావు. దినమంతయు గదిలో కట్టుబడియుండు కుక్కకు నడక లేకున్నచో దాని స్వభావము చెడును, కోపము హెచ్చును. అట్టిది గొలుసు తెంచుకొన్ననాడు మఱింత అపాయకరము. ఉద్యానవనములలో పెంపుడు జంతువులను బొత్తిగా నిషేధించుట దూరదృష్టి లేని పని యనియు, వేళలు ఏర్పఱచుకొనుట మేలనియు భారత జంతుసంక్షేమ మండలివారు 2015లోనే సూచించిరి.

ఇక రెండవ మాట. కుక్క గుణము యజమాని యెఱుగును. ఎదుటనుండి వచ్చు ఆరేండ్ల బిడ్డ యెఱుగదు. బిడ్డ భయపడి పరుగెత్తును. పరుగెత్తువారిని వెంబడించుట కుక్కకు జాతిలక్షణము. అప్పుడు జరుగు కీడునకు బిడ్డయు కారణము కాదు, కుక్కయు కారణము కాదు. గొలుసు విడిచిన చేయియే కారణము.

ఈ ధర్మము క్రొత్తది కాదు. నిర్గమకాండము 21వ అధ్యాయమునందు పొడుచు ఎద్దును గూర్చిన విధి కలదు. అది పొడుచునదని ముందే తెలిసియు, హెచ్చరింపబడియు, కట్టివేయని యజమానుడు దానివలన కలిగిన ప్రాణహానికి తానును ఉత్తరవాదియగునని మోషే ధర్మశాస్త్రము చెప్పుచున్నది. తెలిసియు అజాగ్రత్తగా నుండుటయే యచ్చట నేరము. మహాభారత ఆదిపర్వమునందు రెండవ ప్రక్కయు గానవచ్చును. జనమేజయుని యజ్ఞశాలకు వచ్చిన సారమేయుడను కుక్కపిల్లను, అది యే తప్పును చేయకున్నను, రాజు తమ్ములు కొట్టిరి. దాని తల్లి సరమ రాజును నిలదీసి, నిరపరాధిని హింసించినవారికి అనుకొనని భయము వచ్చునని పలికినది. కుక్కను అదుపులో నుంచవలెను, అకారణముగా హింసింపరాదు. ఈ రెండును కలిసినప్పుడే ధర్మము పూర్ణమగును.

"కఱచునవి వీధికుక్కలు గదా, పెంపుడు కుక్కల యజమానులకు హితబోధ యెందులకు?" అని యెవరైన నడుగవచ్చును. ప్రశ్న సమంజసమే. మనకు అనతిదూరముననున్న అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరి 19వ తేదీన, తండ్రి కావలిపని చేయుచోటికి వెంటవచ్చిన నాలుగేండ్ల బాలుని వీధికుక్కలు చుట్టుముట్టి చంపినవి. రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము తనంతట తానే ఆ విషయమును విచారణకు చేకొనెను. ఆ ఘోరమును మఱచుట మనకు తగదు. కాని వీధికుక్కలలో కొన్ని నిన్నటి పెంపుడు కుక్కలు. ముచ్చటపడి తెచ్చి, పెరిగిన పిమ్మట ఖర్చునకు వెఱచి, ఊరివెలుపల విడిచి వచ్చువారు లేకపోలేదు. శస్త్రచికిత్స చేయింపక, పుట్టిన పిల్లలను వీధిపాలు చేయువారును కలరు. గోడమూలల మనము పాఱవైచిన యెంగిలి విస్తళ్లు ఆ గుంపులను పోషించుచున్నవి. కావున వీధికుక్కల సమస్యయు కొంతవఱకు మన యిండ్ల గుమ్మములయొద్దనే పుట్టుచున్నది.

శాసనములు లేకపోలేదు. 2023 మార్చిలో కేంద్ర ప్రభుత్వమువారు ప్రకటించిన జంతుజనన నియంత్రణ నియమముల ప్రకారము పెంపుడు జంతువునకు టీకాలు, లైసెన్సు, సంతాననియంత్రణము యజమానుని బాధ్యతలు. వీధికుక్కలకు ఆహారమిడు తావులు పిల్లలు ఆడుకొను చోట్లకును, రాకపోకల ద్వారములకును దూరముగా నుండవలెనని అవే నియమములు చెప్పుచున్నవి. భారతీయ న్యాయసంహిత 291వ విభాగము ప్రకారము, తన జంతువువలన మనుష్యప్రాణమునకు అపాయము గాని తీవ్రమైన గాయము గాని కలుగకుండ తగిన జాగ్రత్త పుచ్చుకొననివానికి ఆఱు మాసముల వఱకు ఖైదు, 5,000 రూపాయల వఱకు జుల్మానా, లేక రెండును విధింపవచ్చును. విద్యాలయములు, వైద్యశాలలు, క్రీడాప్రాంగణముల ఆవరణములనుండి వీధికుక్కలను తొలగించి ఆశ్రయములకు చేర్పవలెనని సర్వోన్నత న్యాయస్థానము 2025 నవంబరు 7న ఆజ్ఞాపించినది. అయినను ప్రతి పార్కునకు ఒక న్యాయాధిపతిని కాపుంచజాలము. పొరుగువారు తమలో తాము చేసికొను కట్టుబాటే శాసనమునకు ప్రాణము.

ఆ కట్టుబాటు కష్టమైనది కాదు. కుక్కను గొలుసులేక ఇల్లు దాటనీయరాదు. ఆ గొలుసు దానిని ఆపగల బలము గలవారి చేతనే యుండవలెను. పెద్ద జాతికుక్కను పండ్రెండేండ్ల పనికుఱ్ఱవాని చేతికిచ్చి పంపుట, ఆ కుఱ్ఱవానికిని ఎదురువచ్చువారికిని చేయు అపకారము. అది మలవిసర్జనము చేసినచో తీసి కుండీలో వేయుటకు కాగితము గాని సంచి గాని వెంట నుండవలెను. తన కుక్క మలినమును తాను తీయుట నామోషీ కాదు. దానిని పార్కు ఊడ్చు స్త్రీకి విడిచిపోవుటయే నామోషీ. పిల్లల ఉయ్యాలలున్న వైపునకు కుక్కను తీసికొనిపోరాదు. తెల్లవాఱకమున్నును రాత్రి ప్రొద్దుపోయిన పిదపను కుక్కలకు వేళలుగా నిర్ణయించి, ద్వారమున పలకపై వ్రాయింపవచ్చును. నగరపాలకులు 2018లో కొండాపూర్‌లో కుక్కలకొఱకే ప్రత్యేకముగా ఒక పార్కును నెలకొల్పిరి. అది నగరమునకు ఆవలి కొసనున్నది. సైదాబాదువారు దినదినము అచ్చటికి పోజాలరు. మన పార్కులలోనే యొక మూల కంచె వేసి యిచ్చినచో ఇరుపక్షములవారికిని సుఖము.

అన్నిటికంటె ముఖ్యమైనది టీకా. రేబీసు లక్షణములు పైబడిన పిమ్మట మనుష్యుడు బ్రదుకుట మిక్కిలి అరుదు. కాని కాటు పడిన వెంటనే చికిత్స చేసినచో దానిని తప్పింపవచ్చును. 1885 జూలై 6న లూయీ పాశ్చరు పండితుడు పిచ్చికుక్క కఱచిన తొమ్మిదేండ్ల బాలునికి తొలిసారి టీకాలు ప్రారంభించి ప్రాణము నిలిపెను. 1907లో కూనూరునందు పాశ్చరు సంస్థ వెలసినప్పుడు దక్షిణదేశపు రోగులు అంతదూరము పోవలసి వచ్చెడిది. నేడు మనకు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ సమీపముననే కలదు. కుక్క కఱచినను, గీరినను, గాయమును సబ్బుతో ధారనీటిక్రింద పదునైదు నిమిషములు కడిగి, అదే దినమున టీకా వేయించుకొనవలెను. పసుపు, కారము, సున్నము పెట్టి కాలము జాఱవిడువరాదు.

విద్యార్థులారా! మీకును ఇందు భాగము కలదు. తినుచున్న కుక్కను, పిల్లలకు పాలిచ్చు కుక్కను సమీపింపకుడు. రాళ్లు రువ్వకుడు. ఎదుట కుక్క నిలిచినప్పుడు పరుగిడక, దాని కన్నులలోనికి చూడక, మెల్లగా ప్రక్కకు తొలగుడు. కఱచినచో తల్లిదండ్రులు కోపింతురని దాపకుడు. తల్లిదండ్రులారా! బిడ్డలు అట్లు దాపవలసిన భయమును వారికి కల్పింపకుడు. కుక్కపిల్ల కావలెనని బిడ్డ యడిగిననాడు, పదిపండ్రెండేండ్ల పోషణభారమును వహింపగలమా యని ముందుగా ఆలోచింపుడు. వహింపలేనివారు తేకుండుటయే దయ. తెచ్చినవారు కడదాక బాధ్యత వహించుటయే పొరుగువానిని ప్రేమించుట.