పది మైక్రాన్లే గదా!

రాత్రి 11 దాటాక ఫోన్ మోగితే గుండె ఝల్లుమంటుంది. చూస్తే మా చిన్నమ్మ కొడుకు. పాశమైలారంలో ఒక చిన్న వర్క్‌షాపులో క్వాలిటీ చెకింగ్ చేస్తాడు. ఐటీఐ పాసై రెండేళ్లయింది. కాంట్రాక్టు ఉద్యోగం.

"అన్నా, ఒక మాట అడగాలె. 200 వాల్వ్ బాడీల లాట్ ఉంది. అండ్ల తొమ్మిదింటికి బోరు 10 మైక్రాన్లు ఎక్కువొచ్చింది. మా సూపర్‌వైజర్ 'పది మైక్రాన్లే గదా, ఎవరు చూస్తరు? ఓకే కొట్టు, పొద్దుగాల బండి పోవాలె' అంటున్నడు. ఏం జెయ్యాలె?"

మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే వాడికి నిద్ర లేకుండా చేసింది వెంట్రుకలో ఏడో వంతు! నేను ఇంజినీర్‌ని కాను. అందుకే ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఒక రాకెట్ ఇంజిన్ కథ చెప్పాను. మీకూ చెప్తా.

ఆ ఇంజిన్ పేరు వికాస్. 1974లో ఇస్రో ఫ్రాన్స్‌కి చెందిన ఎస్‌ఈపీ అనే సంస్థతో ఒప్పందం చేసుకుంది. వాళ్లు అప్పుడు ఏరియాన్ రాకెట్ కోసం వైకింగ్ అనే ద్రవ ఇంధన ఇంజిన్ తయారు చేస్తున్నారు. మన ఇంజినీర్లు అక్కడికి వెళ్లి వాళ్లతో కలిసి పని చేయాలి, బదులుగా ఆ టెక్నాలజీ మనకు రావాలి. నంబి నారాయణన్ లాంటి వాళ్లు ఫ్రాన్స్‌లో ఏళ్ల తరబడి ఉండి నేర్చుకున్నది అలాగే. తిరిగొచ్చి మనమే తయారు చేసుకున్న ఇంజిన్ వికాస్. 1993లో పీఎస్‌ఎల్‌వీ రెండో దశగా మొదటిసారి ఎగిరింది. ఒప్పందం నాటికి లెక్కేస్తే 19 ఏళ్లు!

డ్రాయింగులు చేతికొస్తే ఇంజిన్ చేతికొచ్చినట్టు కాదు మరి. దీంట్లో రెండు ద్రవాలు ఉంటాయి. ఒకటి ఇంధనం, ఇంకోటి దాన్ని మండించే ఆక్సిడైజర్. అగ్గిపుల్ల అక్కర్లేదు, రెండూ తగిలితే చాలు, భగ్గుమంటాయి. సెకనుకు సుమారు 250 కిలోల ద్రవాన్ని పంపు లోపలికి తోయాలి. ఆ పంపు తిరిగేది నిమిషానికి వేల చుట్లు. అలాంటి చోట ఒక్క రంధ్రం సైజు తప్పితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఊహించనక్కర్లేదు, రెండుసార్లు జరిగింది. రెండూ శ్రీహరికోటలోనే.

మొదటిది 2001 మార్చి 28. జీఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగం. ఈ రాకెట్‌కి చుట్టూ నాలుగు బూస్టర్లు, ఒక్కోదానికి ఒక వికాస్ ఇంజిన్. ముందు ఈ నాలుగూ వెలుగుతాయి. అవి సరిగ్గా తోస్తున్నాయని కంప్యూటర్ చూసుకున్నాకే మధ్యలో ఉన్న పెద్ద ఘన ఇంధన మోటారు అంటుకుంటుంది. ఎందుకంటే అది ఒకసారి అంటుకుంటే ఆపలేం. ఆ రోజు ఒక బూస్టర్‌కి ఆక్సిడైజర్ సరిగ్గా అందలేదు, తోపు చాలలేదు. పైకి లేవడానికి ఒక్క సెకను ముందు కంప్యూటర్ అన్నీ ఆపేసింది. దేశమంతా టీవీల ముందు ఉసూరుమంది. కానీ రాకెట్ మిగిలింది. మూడు వారాలు తిరిగేసరికి, ఏప్రిల్ 18న, అదే రాకెట్ ఎగిరింది.

రెండోది 2006 జూలై 10. మళ్లీ జీఎస్‌ఎల్‌వీ. పైన ఇన్‌శాట్-4సీ ఉపగ్రహం, రెండు టన్నుల పైమాటే. ఈసారి చెకింగ్ దాటింది, రాకెట్ లేచింది. లేచిన 0.2 సెకన్లకే ఒక బూస్టర్ ఇంజిన్ చేతులెత్తేసింది. మిగతా మూడింటితో రాకెట్ కాసేపు ఈదింది. చివరికి పక్కకు ఒరిగి, సుమారు నిమిషానికి ముక్కలై బంగాళాఖాతంలో పడింది.

కారణం? ఇంధనం ఎంత పోవాలో చూసుకునే రెగ్యులేటర్. మన ఇంట్లో నల్లా లాంటిదే అనుకోండి. అది మూసి ఉన్నప్పుడు కూడా ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ద్రవాన్ని వదిలింది. లోపల ఒత్తిడి హద్దు దాటింది. విచారణ కమిటీ తేల్చింది ఏంటంటే, తయారీలో తెలియక జరిగిన పొరపాటు అయ్యుండొచ్చు, అది ఆ తర్వాత ఇన్‌స్పెక్షన్‌లోనూ, అంగీకార పరీక్షల్లోనూ దొరకలేదు అని.

ఇక్కడే ఆగి ఒకసారి ఆలోచించండి. పార్టు చేసేది మనిషి. పొరపాటు జరుగుతుంది. 2001లోనూ లోపం ఉంది, 2006లోనూ ఉంది. తేడా ఒక్కటే. మొదటిసారి ఒక గేటు దగ్గర 'ఆగు' అనే మాట వినిపించింది. రెండోసారి ఒక్క గేటూ ఆపలేదు. అంతే!

తర్వాతి ఏడాది, 2007 సెప్టెంబర్ 2న, ఇన్‌శాట్-4సీఆర్‌ని తీసుకుని జీఎస్‌ఎల్‌వీ మళ్లీ ఎగిరింది. 2023లో చంద్రయాన్-3ని మోసుకెళ్లిన రాకెట్‌లోనూ రెండు వికాస్ ఇంజిన్లు ఉన్నాయి. గగన్‌యాన్‌లో మనుషులు ఎక్కేది కూడా వీటి మీదే.

ఇంతకీ ఈ ఇంజిన్లు ఎక్కడో తయారవుతాయని అనుకోకండి. పటాన్‌చెరు నుంచి ముంబై హైవే మీద సిటీ వైపు వెళ్లి, కూకట్‌పల్లి దాటాక ఎడమకి తిరిగితే బాలానగర్. అక్కడి ఎంటార్ సంస్థ ఏళ్లుగా ఇస్రోకి వికాస్ ఇంజిన్లు చేసి ఇస్తోంది. మీ బస్సు రోజూ వెళ్లే దారే. లేత్, మిల్లింగ్, మైక్రోమీటర్ పట్టుకుని పనిచేసే వాళ్లే ఆ ఇంజిన్‌కి ప్రాణం పోస్తున్నారు.

మా వాడు చేసే వాల్వులు రాకెట్లోకి పోవు. ఏ ఫార్మా కంపెనీ పైపులకో, ఏ బాయిలర్‌కో బిగిస్తారు. అయితే ఏంటి? దాని పక్కన నిలబడి డ్యూటీ చేసేది కూడా మనలాంటి మనిషేగా.

కథ అయిపోయాక వాడు కాసేపు మాట్లాడలేదు. "సరే అన్నా" అని పెట్టేశాడు. పొద్దున మెసేజ్ వచ్చింది. రిపోర్టులో ఉన్న రీడింగే రాశాడట. తొమ్మిది పీసులు పక్కన పెట్టి 191 పంపారట. సూపర్‌వైజర్ ముఖం మాడ్చుకున్నాడట. వచ్చే నెల వీడి కాంట్రాక్టు రెన్యువల్. ఏమవుతుందో చూడాలి.

నాకు భయంగానే ఉంది, అబద్ధం చెప్పను. 'కాదు' అన్న కుర్రాడికి ఉద్యోగం పోతే, రేపు ఇంకో కుర్రాడు 'ఓకే' కొట్టేస్తాడు. అందుకే ఈ మాట కుర్రాళ్ల కన్నా ముందు ఓనర్లకి చెప్పాలి: మీ షాపులో 'ఆగు' అన్నవాడిని కాపాడుకోండి. వాడి జీతం ఖర్చు కాదు, మీ చివరి గేటు.

ఇక మీరు. ఈ రాత్రి సెకండ్ షిఫ్ట్‌లో చేతిలో గేజ్ పట్టుకుని ఉంటే, రీడింగ్ ఎంతొస్తే అంతే రాయండి. ఎవరు చూస్తరు అంటే, మీరు చూశారుగా!