నవరసాల్లో ఒకటి తక్కువ

నవరసాల మీద రెండు రోజుల సదస్సు. ఆహ్వానపత్రం చిత్తుప్రతిలో తొమ్మిది రసాలకూ తొమ్మిది సమావేశాలున్నాయి. అచ్చుకు వెళ్లేసరికి ఎనిమిదయ్యాయి. ఎగిరిపోయింది భయానకం. అడిగితే సమయం చాలలేదన్నారు. మిగిలిన ఆ గంటన్నరా శృంగారానికి కలిపారు.

భయానకం మీద పత్రం రాసిన యువతి తీసుకున్న విషయం 'మసూద' ప్రేక్షకుల అభిప్రాయాలు. చిక్కంతా అక్కడే వచ్చింది. దయ్యాల సినిమా, అందులో పెద్ద హీరో లేని చిన్న సినిమా, పైగా చూసినవాళ్ల మాటలు. ఇందులో సాహిత్యం ఎక్కడుందని సదస్సు నిర్వహిస్తున్న సంఘంలో ఒక పెద్దాయన అడిగారట. ఆ పెద్దాయన మీద ఈ పత్రికకు కోపమేమీ లేదు. ఆయన ప్రశ్న చాలా పాతది. అది ఎక్కడ పుట్టిందో ఒకసారి వెతికి చూడాలన్నదే ఈ నాలుగు మాటల ఉద్దేశం.

ముందు సినిమా సంగతి. 'మసూద' 2022 నవంబరు 18న విడుదలైంది. దర్శకుడు సాయికిరణ్‌కు అది తొలి చిత్రం. 'మళ్ళీ రావా', 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' తీసిన రాహుల్ యాదవ్ నక్కా నిర్మాత. పోస్టరు చూసి టిక్కెట్టు కొనడానికి అందులో ఎవరూ లేరు. 'ఖడ్గం' నాటి సంగీత ఉంది, తిరువీర్ ఉన్నాడు, కొత్తమ్మాయి బాంధవి శ్రీధర్ ఉంది. భర్త నుంచి విడిపోయి కూతురితో బతుకుతున్న నీలం అనే టీచరు, ఆ కూతురు నాజియాకు పట్టిన పీడ, వాళ్లకు సాయం వచ్చిన పొరుగు కుర్రాడు గోపి. కథ ఇంతే. నిడివి మాత్రం రెండు గంటల నలభై నిమిషాల దాకా ఉంది.

చూసి వచ్చినవాళ్ల మాటలు మూడు దారుల్లో నడిచాయి. మొదటి భాగం లాగ్ అన్నవాళ్లు కొందరు. అది నిడివి మీద ఫిర్యాదు, అందులో నిజం లేకపోలేదు. రెండో సగంలో చెవులు మూసుకున్నామని, పక్కవాళ్ల చెయ్యి పట్టుకున్నామని, ఇంటికెళ్లి లైటు తీయలేదని చెప్పినవాళ్లు చాలామంది. పెద్ద ప్రచారం లేని సినిమాను థియేటర్లలో నిలబెట్టింది వీళ్ల నోటిమాటే. ఇక మూడోవాళ్లు: "నాకైతే భయమేం వేయలేదు. నవ్వొచ్చింది."

ఈ మూడో మాట దగ్గర ఆగాలి. దయ్యాల సినిమా ఏది వచ్చినా ఇది వినిపిస్తుంది. వినడానికి సినిమా మీద తీర్పులాగే ఉంటుంది కానీ, ఎక్కువసార్లు అది చెప్పేవాడు తనను గురించి తాను ఇచ్చుకునే వాంగ్మూలం. ఏడుపు సినిమా చూసి "నాకైతే ఏడుపు రాలేదు" అని ఎవరూ ఛాతీ విరుచుకోరు. కామెడీ సినిమా చూసి నవ్వు రాకపోతే డబ్బులు దండగన్న బాధే తప్ప గర్వం ఉండదు. రసం అందకపోవడం ప్రేక్షకుడికి ఘనతగా చెల్లేది ఒక్క భయానకంలోనే.

ఎందుకని? సదస్సు వారికి ప్రీతిపాత్రుడైన భరతుడే జవాబు చెప్పాడు. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో ఉన్నవి ఎనిమిది రసాలే, శాంతం తర్వాతివాళ్లు చేర్చింది. ఆ ఎనిమిదింటిలో భయానకం ఉంది. భరతుడు దానికి చెప్పిన విభావాలు చూడండి: వికృతమైన ధ్వనులు, భూతాలు కనిపించడం, నక్కల కూతలు, గుడ్లగూబల అరుపులు, శూన్యగృహాలు, అడవులు. ఇవాళ చిన్న బడ్జెట్టు దయ్యాల సినిమాకు కూర్చునే సౌండ్ డిజైనరు చేతిలోని జాబితా ఇదే. అనుభావాలూ చెప్పాడు: చేతులూ కాళ్లూ వణకడం, చూపు నిలవకపోవడం, ఒళ్లు గగుర్పొడవడం, ముఖం పాలిపోవడం, గొంతు మారిపోవడం. నాజియాగా బాంధవి, గోపిగా తిరువీర్ చేసింది ఇదే.

అయితే అదే భరతుడు ఒక మెలిక పెట్టాడు. వీరం ఉత్తమ ప్రకృతికి చెందినది. భయం మాత్రం స్త్రీలకూ నీచ ప్రకృతి గల పాత్రలకూ చెందినది. పెద్దాయన ప్రశ్నకు మూలం ఇది. భయపడ్డానని ఒప్పుకోవడమంటే ఏ వరుసలో కూర్చున్నాడో ఒప్పుకోవడం. బాల్కనీలోని పెద్దమనిషికి అది కుదరదు. కాబట్టి నవ్వుతాడు.

పాపం, ఆ నవ్వు కూడా ఆయనను కాపాడదు. హాస్యం కూడా స్త్రీలలో, నీచ ప్రకృతి పాత్రలలో ఎక్కువగా కనిపిస్తుందని భరతుడే అన్నాడు. నవ్వును ఆరు రకాలు చేసి, ఉత్తములకు పెదవి దాటని స్మితం, పళ్లు కాస్త కనిపించే హసితం ఇచ్చాడు. అపహసితం, అతిహసితం అధముల పాలు పెట్టాడు. చీకటి హాల్లో పదిమందికీ వినపడేలా నవ్వి తన ధైర్యం చాటుకునేవాడు ఏ మెట్టు దిగకూడదనుకున్నాడో సరిగ్గా ఆ మెట్టు మీదే దిగాడు.

తెలుగు సినిమా ఈ బిడియాన్ని చాలా ముందే పసిగట్టి వ్యాపారం చేసుకుంది. 2013లో 'ప్రేమకథా చిత్రమ్', 2014లో 'గీతాంజలి', 2015లో 'రాజుగారి గది'. దయ్యం వచ్చే ముందు ఒక కమెడియన్ వస్తాడు, దయ్యం వెళ్లాక మళ్లీ వస్తాడు. ప్రేక్షకుడి తరఫున భయపడే పని అతనికి అప్పగించారు. వాడు వణుకుతుంటే మనం నవ్వుకోవచ్చు, మన పరువు మనకుంటుంది. 2017లో వచ్చిన 'ఆనందో బ్రహ్మ'లోనైతే మనుషులను చూసి దయ్యాలే భయపడ్డాయి. ఆ సినిమాల్లో చమత్కారం ఉంది, కాదనలేం. కానీ ఆ వరుసంతా కలిసి తెలుగు ప్రేక్షకుడికి ఒక సౌకర్యం అలవాటు చేసింది. 'మసూద' ఆ సౌకర్యం తీసేసింది. భయపడే పని కమెడియన్‌కు ఇవ్వలేదు, కథానాయకుడికే ఇచ్చింది. గోపి పిరికివాడు. భయపడుతూనే నీలం వెంట వెళతాడు. అలాంటి మగవాడిని తెర మీద చూసి నవ్వొచ్చిందంటే, ఆ నవ్వు దేనిమీదో కాస్త ఆలోచించాలి.

ఇదే బిడియాన్ని ప్రచారానికి వాడుకున్నవాడు రామ్ గోపాల్ వర్మ. 1992లో రేవతితో 'రాత్రి' తీసినప్పుడు ఆయన కెమెరా నడకనూ శబ్దాన్నీ నమ్ముకున్నాడు. 2008లో 'ఫూంక్' నాటికి థియేటర్లో ఒంటరిగా కూర్చుని సినిమా చూసినవాడికి 5 లక్షల రూపాయల బహుమతి ప్రకటించాడు. సినిమా చూడటం కాస్తా కుస్తీ పోటీ అయింది. భయపడితే ఓడినట్టు, నవ్వితే గెలిచినట్టు. అమెరికాలో ఓరెన్ పెలీ ఇందుకు ఎదురుదారి పట్టాడు. శాన్ డియేగోలో సొంతింట్లో, వారం రోజుల్లో, సుమారు 15,000 డాలర్లతో తీసిన 'పారానార్మల్ యాక్టివిటీ'కి 2009లో వచ్చిన ట్రైలరు సినిమాను చూపించింది తక్కువ. హాల్లో కూర్చున్న జనాన్ని చీకట్లో తీసి, వాళ్లు ఉలిక్కిపడి వెనక్కి ఒరగడం, ముఖాలు కప్పుకోవడం చూపించింది. ఆ సినిమా 19 కోట్ల డాలర్లకు పైగా తెచ్చింది. భయపడిన ప్రేక్షకుడిని సిగ్గుపడాల్సినవాడిగా కాక సాక్షిగా నిలబెట్టిన ప్రచారమది.

అమెరికాలోనైనా ఈ సాక్షులకు ఎప్పుడూ గౌరవం దక్కిందనుకోవద్దు. 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' కథ చూడండి. 1997 అక్టోబరులో మేరీలాండ్ అడవుల్లో ఎనిమిది రోజులు తీశారు. కెమెరాలు నటులే మోశారు, మాటలు అప్పటికప్పుడు అల్లుకున్నారు, రోజురోజుకీ తిండి తగ్గించారు. 1999లో విడుదలై ప్రపంచమంతా కలిపి సుమారు 24 కోట్ల 80 లక్షల డాలర్లు వసూలు చేసింది. హాలు బయట ప్రేక్షకులను అడిగి మార్కులు వేసే సినిమాస్కోర్‌లో దానికి వచ్చింది 'సి ప్లస్'. జనం విరగబడి చూశారు, బయటికొచ్చి పెదవి విరిచారు. కెమెరాను ముఖానికి ఆనించుకుని, ముక్కు కారుతుండగా, వణికే గొంతుతో క్షమాపణ చెప్పిన హెదర్ డోనహ్యూకు ఆ ఏడాది చెత్త నటిగా రాజీ పురస్కారం ఇచ్చారు. భరతుడు చెప్పిన అనుభావాలన్నీ తు.చ. తప్పకుండా చేసినందుకు ఆమెకు దక్కిన సన్మానం అది. అదే అడవిలో, అదే చీకట్లో, అంతే భయపడిన ఇద్దరు మగ నటుల జోలికి రాజీ వారు పోలేదు. ఆమె తర్వాత నటన మానేసింది, పేరు కూడా మార్చుకుంది. 2024 ఏప్రిల్‌లో కొత్త బ్లెయిర్ విచ్ సినిమా వస్తోందని తెలిసి, ఆ ముగ్గురూ హక్కులున్న లయన్స్‌గేట్ సంస్థకు బహిరంగ లేఖ రాసి తమకు రావలసినది అడగాల్సి వచ్చింది.

తెలుగు సాహిత్యానికీ ఇందులో పాత ఖాతా ఒకటుంది. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్న రోజులు గుర్తున్నవాళ్లకు ఆ తర్వాత పుట్టిన మాట కూడా గుర్తుండే ఉంటుంది: క్షుద్ర సాహిత్యం. చేతబడి ఉన్నందుకు క్షుద్రమన్నారని పైకి అర్థం. నిఘంటువు తీస్తే క్షుద్రమంటే అల్పం, నీచం. భరతుడి దగ్గర పాత్రకున్న విశేషణం సాహిత్యానికి అంటుకుంది, సాహిత్యం మీదుగా పాఠకుడికి అంటుకుంది. రాత్రి పడుకునే ముందు వారపత్రిక దిండు కింద దాచుకున్న గృహిణి, బస్సులో చదివిన గుమాస్తా, హాస్టలు కుర్రాడు, అందరూ ఒక్క మాటతో నీచ ప్రకృతిలో పడ్డారు. ఆ నవలను ఎదుర్కొన్నవాళ్లలో రంగనాయకమ్మను వేరుగా చెప్పుకోవాలి. ఆమె 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని ఏకంగా పుస్తకమే రాశారు. ఆమెతో విభేదించినా, చదివి విమర్శించారన్న మర్యాద ఆమెకు దక్కుతుంది. నేటి పెద్దలకు ఆ శ్రమ కూడా లేదు. చూడని సినిమా మీద, చదవని పత్రం మీద తీర్పు చెప్పి, కాఫీ తాగి కార్యక్రమ పత్రం సరిదిద్దుతారు.

మంత్రగాళ్లన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన ఊళ్లున్న నేల మీద చేతబడి కథలు మూఢనమ్మకాన్ని పోషిస్తాయని, ముస్లిం స్త్రీని భయానికి గుర్తుగా నిలబెట్టడం 'మసూద'లో మింగుడుపడదని అనేవారి మాటలో బరువుంది. కానీ ఆ సంగతి తేల్చడానికైనా ముందు భయపడినవాళ్లు ఎందుకు భయపడ్డారో వినాలి కదా? సదస్సు కొట్టేసింది ఆ వినడాన్నే.

భయానికి మన దగ్గర ఏనాడూ రాత లేకపోలేదు. ఒకప్పుడు తెలుగు ఊళ్లలో తలుపుల మీద, గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని బొగ్గుతోనో సున్నంతోనో రాసుకున్నారు. రాసిన చేతుల్లో మీసాలు దువ్విన చేతులూ ఉన్నాయి. పొద్దున్నే అదే అరుగు మీద కూర్చుని, అదంతా ఆడవాళ్ల చాదస్తమని కొట్టిపారేసిన నోళ్లూ ఉన్నాయి. దయ్యాల సినిమా ప్రేక్షకుడి మాటను అర్థం చేసుకోవాలంటే ఈ రెంటినీ కలిపి చదవాలి, రాత్రి రాసిన రాతనూ పొద్దున అన్న మాటనూ. చిన్న బడ్జెట్టు సినిమాలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ హీరో అభిమానం అడ్డు రాదు, వంద కోట్ల సెట్టు కళ్లకు గంతలు కట్టదు. ఉన్నవి చీకటి, చప్పుడు, పక్క సీట్లో మనిషి. 'మా ఊరి పొలిమేర' 2021 డిసెంబరులో నేరుగా ఓటీటీలో వచ్చింది. ఇళ్లలో ఎవరికి వారు చూసి ఒకరికొకరు చెప్పుకున్నారు. 2023 నవంబరులో రెండో భాగం థియేటర్లకు వెళ్లగలిగింది. 'మసూద' హాలు నుంచి ఇంటికి వెళితే, ఇది ఇంటి నుంచి హాలుకు వచ్చింది. రెంటినీ నడిపించింది నోటిమాట.

ఆ నోటిమాట మీద ఇప్పుడు రెండు వైపుల నుంచీ చేతులు పడుతున్నాయి. 2024 నవంబరులో 'కంగువ' దెబ్బ తిన్నాక, తమిళ నిర్మాతలు హాళ్ల ముందు ప్రేక్షకుల అభిప్రాయాలు తీసుకోనివ్వద్దని థియేటర్లవారిని కోరారు. విడుదలైన మూడు రోజుల దాకా సమీక్షలు ఆపాలని మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు ఆ ఆదేశం ఇవ్వడానికి ఒప్పుకోలేదు. పెద్ద సినిమాకు మొదటి మూడు రోజులు వసూళ్ల రోజులు. చిన్న దయ్యాల సినిమాకు అవే మూడు రోజులు ఊపిరి. ఆ మూడు రోజులు జనం నోరు కట్టేస్తే 'మసూద' లాంటిది నాలుగో రోజు థియేటర్లోనే ఉండదు. నిర్మాతలు ప్రేక్షకుడిని నోరు మూసుకోమంటున్నారు, సాహిత్య సంఘాలు తమ చెవులు మూసుకుంటున్నాయి. నిర్మాతల పనికి కనీసం డబ్బు లెక్క ఉంది. సాహిత్యం పేరుతో సభ పెట్టి, జనం మాట వినడం తమ స్థాయికి తక్కువనుకునేవారి పనికి ఏ లెక్కా లేదు.

సదస్సు నుంచి తప్పించిన పత్రం ఈ పత్రిక వచ్చే సంచికలో పూర్తిగా అచ్చవుతుంది. కొంచెం పొడుగే, 'మసూద' లాగే. ఎనిమిది రసాల సదస్సు వారు కోరితే ప్రతులు పంపడానికి ఏర్పాటు చేశాం. శృంగారానికి కలిపిన గంటన్నరలో సమయం మిగిలితే అక్కడ చదువుకోవచ్చు.