జవాను జన్యు సమాచారం ఎవరి చేతిలో?

పాస్‌వర్డ్ దొంగల పాలైతే మార్చుకోవచ్చు. బ్యాంకు ఖాతా మూసేసి కొత్తది తెరవచ్చు. జన్యు సమాచారం ఒకసారి బయటపడితే మాత్రం చేసేదేమీ లేదు. పైగా అది ఒక్కరిది కాదు. తల్లిదండ్రులది, తోబుట్టువులది, పుట్టబోయే పిల్లలది కూడా. ఆసుపత్రి రికార్డులు కాగితాల నుంచి కంప్యూటర్లలోకి, 14 అంకెల 'ఆభా' సంఖ్య కిందికి చేరుతున్నాయి. అందులో జన్యు పరీక్షల ఫలితాలను ఎలా చేర్చాలన్నది వైద్యులు మాత్రమే తేల్చుకునే విషయం కాదు. సైనికుల వరకు వస్తే అది దేశ భద్రతకు సంబంధించిన ప్రశ్న.

అసలు చేర్చవద్దని నా వాదన కాదు. ఈశాన్య అడవుల్లో మలేరియా సోకిన జవానుకు ప్రిమాక్విన్ ఇచ్చే ముందు, అతనికి జీ6పీడీ లోపం ఉందో లేదో వైద్యాధికారికి తెలియాలి. తెలియక ఇస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి ప్రాణం మీదికి రావచ్చు. సికిల్‌సెల్ వాహకుడు మైదాన ప్రాంతంలో ఆరోగ్యంగానే ఉంటాడు. బాగా ఎత్తైన ప్రాంతాల్లో అతని ప్లీహం దెబ్బతినే ప్రమాదం ఉంది. 2023లో మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమం 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది. మన ఏజెన్సీ ప్రాంతాల యువకులూ ఆ పరిధిలో ఉన్నారు. వారిలో సైన్యంలో చేరేవారి ఫలితం యూనిట్ మారినా వెంట రావాల్సిందే.

కానీ ఆ సమాచారాన్ని కాపాడగలమా? 2022 నవంబర్‌లో సైబర్ దాడికి ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు స్తంభించి, రోజుల తరబడి కాగితాల మీదే పని నడిచింది. అమెరికాలో 23అండ్‌మీ సంస్థ నుంచి 2023లో సుమారు 69 లక్షల మంది సమాచారం బయటికి పోయింది. 2025 మార్చిలో ఆ సంస్థే దివాలా పిటిషన్ వేసింది. ఇలాంటి కిట్లు వాడవద్దని పెంటగాన్ 2019లోనే తన సైనికులను హెచ్చరించింది. కాలిఫోర్నియాలో దశాబ్దాల పాటు దొరకని హంతకుడిని 2018లో దూరపు బంధువుల డీఎన్‌ఏ ద్వారా పట్టుకున్నారు. అదే పద్ధతిలో శత్రు నిఘా సంస్థ మన రహస్య విధుల్లోని మనిషి అసలు పేరును కూడా తేల్చగలదు.

రెండో ముప్పు మన వ్యవస్థ లోపలే ఉంది. చేరేనాటికి రికార్డులో లేని వ్యాధి సర్వీసులో బయటపడితే, అది విధి నిర్వహణ వల్ల వచ్చినట్లే భావించాలని, కాదనే పక్షమే నిరూపించాలని ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. వికలాంగ పింఛను కోసం పోరాడే జవాన్లకు అది పెద్ద అండ. రేపు రికార్డులో జన్యు ఫలితం ఉంటే, 'ఇది పుట్టుకతో వచ్చిందే' అని ఒక్క వాక్యంతో ఆ పింఛనును నిరాకరించే వీలు దొరుకుతుంది. జన్యు వివక్షను నిషేధిస్తూ అమెరికా 2008లో చేసిన చట్టం కూడా సైనికులకు వర్తించదు. మన 2023 డేటా రక్షణ చట్టంలో జన్యు సమాచారానికి ప్రత్యేక తరగతే లేదు.

అందుకే రక్షణ శాఖ నాలుగు పనులు చేయాలి. ఒకటి, చికిత్స చేసే వైద్యుడికి 'ఈ మందు ఇవ్వరాదు' అన్న హెచ్చరిక చాలు; పూర్తి జన్యు వివరాలు విడిగా, సైనిక నెట్‌వర్క్‌లోనే ఉండాలి. రెండు, ఆ ఫైలును ఎవరు, ఎప్పుడు తెరిచారో నమోదై, జవానుకు తెలియాలి. మూడు, సర్వీసులో ఉన్నవారు ప్రైవేటు డీఎన్‌ఏ కిట్లు వాడకుండా స్పష్టమైన ఉత్తర్వులుండాలి. నాలుగు, కేవలం జన్యు ఫలితం ఆధారంగా పింఛను, పదోన్నతి నిరాకరించరాదని నిబంధన రావాలి. ఆరోగ్య శ్రేణిని నేటి సామర్థ్యమే నిర్ణయించాలి.

నాలుగో నిబంధన లేకుండా మొదటి మూడూ నిలవవు. పింఛను పోతుందన్న భయం ఉన్న జవాను పరీక్షకే ముందుకు రాడు. అప్పుడు మలేరియా అడవిలో వైద్యాధికారి చేతిలో మందు ఉంటుంది, హెచ్చరిక ఉండదు.