తూలుతోందని మాత్ర మానేయకండి

షుగర్ వల్ల అరికాళ్లలో మంటలు, సూదులు గుచ్చినట్టు పోట్లు ఉంటే డాక్టర్లు ఎక్కువగా రాసేవి ప్రిగాబలిన్, గబాపెంటిన్. మొదట్లో కళ్లు తిరగడం, పగలంతా మత్తు మామూలే. చాలామందిలో కొద్దిరోజులకు అవే సర్దుకుంటాయి.

అసలు చిక్కు వేరే ఉంది. మన దగ్గర ప్రిగాబలిన్‌ను మిథైల్‌కోబాలమిన్ అనే బి12 విటమిన్‌తో కలిపి ఒకే మాత్రగానూ అమ్ముతారు. దాంతో ‘నరాల బలానికి వేసుకునేదే కదా’ అని స్ట్రిప్ అయిపోగానే ఆపేసేవారున్నారు. అది విటమిన్ మాత్ర కాదు. ఉన్నట్టుండి ఆపితే నిద్ర పట్టదు. చెమటలు, వికారం, ఆందోళన, అరుదుగా ఫిట్స్ కూడా రావచ్చు. ఆపాల్సి వస్తే డాక్టర్ చెప్పినట్టు, కనీసం వారం పాటు డోసు తగ్గించుకుంటూ రావాలి.

మత్తు మరీ ఇబ్బంది పెడుతుంటే డోసు గానీ, వేసుకునే వేళ గానీ మార్చమని అడగండి. రాత్రి బాత్రూమ్‌కు లేచేటప్పుడు కాసేపు మంచం మీదే కూర్చుని, ఆ తర్వాత నిలబడండి. తూలుతున్నన్నాళ్లూ బండి తీయొద్దు. మద్యం వద్దు, నిద్రమాత్రలు వాడుతుంటే దాచకుండా చెప్పండి, రెండూ కలిస్తే ఊపిరి మందగించవచ్చు.

ఈ మందులు కిడ్నీల ద్వారానే బయటికి పోతాయి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు క్రియాటినిన్ రిపోర్టు పట్టుకెళ్లండి. పాదాలు వాస్తే అదీ చూపించండి.