బట్టా కులమూ – 4: అంచు ఎవరి మాట వినాలి?



ఫ్యాషన్ చరిత్ర పాఠాల్లో 1947 ఫిబ్రవరి 12కు పెద్దపీట. ఆ రోజు పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ తన మొదటి కలెక్షన్ చూపించాడు. గుండ్రటి భుజాలు, పిడికిట్లో పట్టేంత నడుము, అక్కడినుంచి పువ్వులా విచ్చుకుని పిక్కల దాకా దిగే లంగా. ఆ వరసకు డియోర్ పెట్టిన పేరు 'కొరోల్', అంటే పూరేకుల వలయం. హార్పర్స్ బజార్ సంపాదకురాలు కార్మెల్ స్నో నోట వచ్చిన 'న్యూ లుక్' అనే మాటే చివరికి నిలిచింది.

ఆ ఆకారం నిలబడాలంటే గజాలకొద్దీ గుడ్డ కావాలి. డియోర్ వెనక డబ్బు పెట్టిన మార్సెల్ బూసాక్ బట్టల మిల్లుల యజమాని. యుద్ధం అయిపోయినా బ్రిటన్‌లో 1949 దాకా బట్టకు కూపన్లే. పారిస్ వీధిలో ఆ బట్టలేసుకుని ఫొటోలకు నిలబడిన అమ్మాయిల మీద సాటి ఆడవాళ్లే పడి చించేశారు. మా లంగా ఎంత దిగాలో మీరు చెప్పేదేమిటని అమెరికాలో ఆడవాళ్లు సంఘాలు పెట్టుకున్నారు.

దీనికి ఇరవై ఏళ్ల ముందు, 1927 డిసెంబర్‌లో, మహాడ్‌లో ఇంకో అంచు దిగింది. పై కులాల ఆడవాళ్ల మాదిరే చీర పాదాల దాకా కట్టుకోండి, కులాన్ని చాటే వెండి నగలు తీసేయండి అని అంబేడ్కర్ మన ఆడవాళ్లతో అన్నాడు. మోకాళ్ల దగ్గర ఆగిన చీరలు అక్కడే కిందికి దిగాయి.

"అక్కడా చెప్పింది మగవాడే కదా సార్?" అని ఒక విద్యార్థిని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. ఆ ఆడవాళ్లు పొట్టిగా కట్టింది పొడుగ్గా కట్టడం చేతగాక కాదు, కడితే ఊరు ఒప్పుకోదని. డియోర్ అంచు దిగితే గుడ్డ అమ్ముడుపోయింది. మహాడ్‌లో దిగితే ఊరు గీసిన గీత చెరిగింది.

మా పెండ్లిమర్రి వైపు శెనక్కాయ చేలల్లో కలుపు తీసేటప్పుడు మా జేజి కోక ఎగ్గట్టేది. పనికి అదే సుఖం. చేనుకోసం ఎగ్గట్టడం ఆమె ఇష్టం. ఊళ్లోకి వచ్చినా దించకూడదంటే అది కులం.

ఇప్పుడు కాలేజీల్లో లెగ్గింగ్స్ వద్దు, చున్నీ తప్పనిసరి అని ఆడపిల్లలకు నోటీసులు పెడతారు. పద్ధతి పేరుతో వచ్చినా, ఫ్యాషన్ పేరుతో వచ్చినా, అంచును కొలిచే టేపు ఎవరి చేతిలో ఉందో ముందు చూడండి.

ఫ్యాషన్ డిజైన్ చదివే మన పిల్లలకు ఒక మాట. పరీక్షలో న్యూ లుక్ గురించి రాసేటప్పుడు మహాడ్ గురించీ ఒక పేరా రాయండి. మార్కులు తగ్గిస్తే నాకు చెప్పండి, మాట్లాడతాను.

జై భీమ్.