మేడమీద కొలిమి

మా మిత్రుడొకాయన వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఏ దేశానిదో ఒక బ్యాంకు లెక్కలు చక్కదిద్దుతుంటాడు. ఆదివారం తెల్లవారితే చాలు, మందపాటి నూలు చొక్కా, బూట్లు, కళ్లకు అద్దాలు తగిలించుకుని మేడ మీదికి చేరతాడు. రేకు బకెట్టు లోపల మట్టి మెత్తి చేసుకున్న కొలిమి, తిత్తి బదులు ఇంట్లోవాళ్లు తల ఆరబెట్టుకునే డ్రయ్యరు, దాగలి కింద పాతసామాన్ల కొట్లో తూకానికి కొన్న ఇనుప దిమ్మె. ఈ సరంజామాతో ఏడాదిగా కత్తులు చేస్తున్నాడు. ఏడాదికి తేలినవి మూడు. మొదటిది తెగదు, రెండోది విరిగింది, మూడోది ఉల్లిపాయ కోస్తుంది.

‘కత్తులు చేస్తున్నాడట’ అన్న మాట మెట్లు దిగి కింది వాటా చేరేసరికి దాని రంగే మారిపోయింది. ‘ఎందుకు బాబూ, మంచి ఉద్యోగమే కదా’ అని అక్కడి పెద్దావిడ కలవరపడింది. ఆవిడ తప్పేం లేదు. పత్రికల్లో కత్తి కనబడేది పోట్ల వార్తల్లోనే. ఆ పాపంలో మాకూ వాటా ఉంది. అయితే ఆవిడ ఆ మాట అన్నది కత్తిపీట ముందేసుకుని బెండకాయలు తరుగుతూ. తాడెక్కే గీత కార్మికుడి నడుమున, కొబ్బరిబొండాల బండి మీద, క్షవరం పెట్టెలో, చేపల అంగట్లో రోజూ మనకు ఊడిగం చేసే కత్తులు ఏ వార్తలోకీ ఎక్కవు. చట్టం కూడా ఈ తేడా ఎరిగినదే. అలుగు 9 అంగుళాల పొడవు మించినా, 2 అంగుళాల వెడల్పు దాటినా ఆయుధాల నిబంధనలు పలకరిస్తాయి. వంటకూ సేద్యానికీ చేసినవాటి జోలికి మాత్రం రావు. మా మిత్రుడి మూడో కత్తి జానెడే. దాన్ని చూసి భయపడాల్సింది ఉల్లిపాయలే.

ఈ సరదాకు రెండు దారులున్నాయి. ఉక్కు పట్టీని కత్తి ఆకారంలో కోసి, అరగదీసి తీర్చడం ఒకటి. కాల్చి, కొట్టి, సాగదీయడం ఇంకొకటి. మొదటిది శిల్పి పనికి దగ్గర: అక్కర్లేనిది తీసేస్తూ పోవడమే. రెండోది కుమ్మరి పనికి దగ్గర: ఉన్నదాన్నే ఇటునుంచి అటు జరుపుతూ రూపు తేవడం. మా మిత్రుడు రెండోదే పట్టుకున్నాడు. తొలి ప్రయత్నానికి పాత కిటికీ ఊచ తీసుకున్నాడు. కాల్చాడు, కొట్టాడు, నునుపు చేశాడు. చూడటానికి కత్తే. టమాటా మీద పెడితే టమాటా నలిగింది. ఊచలో ఉండే కర్బనం అతి తక్కువ. ఎంత కాల్చినా, ఎన్నిసార్లు ముంచినా దానికి గట్టిదనం రాదు. లారీ కమాను పట్టీలో నూటికి 0.6 వంతు దాకా కర్బనం ఉంటుంది. అంత చిన్న తేడాతో ఇనుము ఉక్కవుతుంది. ఊళ్లలో కమ్మరులు కమాను ముక్కలకు ఎందుకు ఎగబడతారో అతనికి ఆ టమాటా చెప్పింది.

కాల్చడం మొదలుపెట్టాక తెలిసే సంగతులు ఇంకా ఉన్నాయి. కాగిన ఇనుము రంగు ఎండలో సరిగా కనబడదు. మేడమీద పట్టపగలు ఎర్రగా ఉందో నారింజకు తిరిగిందో పోల్చుకోలేక అతను రెండు ముక్కలు మాడ్చేశాడు. కొలిమి పాకలో ఆ మసక చీకటి పేదరికం వల్ల వచ్చిందని ఇన్నాళ్లూ అనుకున్నామే! చేయి తిరిగినవాడికి రంగు చాలు. కొత్తవాడికి అయస్కాంతం ఆసరా. సుమారు 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఆ గడియ కనిపెట్టి, ఇంకాస్త కాగనిచ్చి, గోరువెచ్చని నూనెలో నిలువునా దించాలి. కాస్త పక్కకు వాలిస్తే అలుగు మెలి తిరుగుతుంది. ముంచి తీసిన అలుగు మీద ఆకురాయి వేస్తే గాజు మీద గీసినట్టు జారిపోతుంది. కొత్తవాడు ఇక్కడే సంబరపడతాడు. మా మిత్రుడూ పడ్డాడు. ఆ సంబరంలోనే రెండో కత్తి చేయి జారి గచ్చు మీద పడి గాజు గ్లాసులా రెండు ముక్కలైంది.

అప్పటికి వచ్చింది గట్టిదనమే, కత్తి ఇంకా రాలేదు. దాన్ని మళ్లీ సన్నని వేడిలో, 200 డిగ్రీల దగ్గర, రెండు గంటలు ఉంచి చల్లార్చాలి. చల్లారాక ఇంకోసారి అలాగే ఉంచాలి. తళతళలాడే లోహం మీద ఎండుగడ్డి రంగు నెమ్మదిగా దిగుతుంది. సంపాదించిన గట్టిదనంలో కొంత వదులుకుంటే తప్ప అలుగు దెబ్బకు ఆగదు. కొలిమి ముందు ఎగిరిపడే నిప్పురవ్వల్ని వీడియోల్లో అందరూ చూపిస్తారు. ఏమీ జరగనట్టుండే ఈ నాలుగు గంటల్ని ఎవరూ చూపించరు. మా మిత్రుడు ఈ పని ఇంట్లో కేకులు కాల్చుకునే ఓవెన్‌లో కానిస్తాడు. ఆ పూట వంటింట్లో నిండే మాడు నూనె వాసన గురించి ఆయన శ్రీమతి అభిప్రాయం ఇక్కడ అచ్చు వేయదగినది కాదు.

తెలుగులో ఈ తతంగానికంతటికీ ఒకటే మాట: పదును. కోసే అంచుకూ అదే, కాల్చి ముంచిన ఉక్కుకూ అదే, వాన వెలిశాక ఆరీ ఆరని దుక్కినేలకూ అదే. తడి ఎక్కువుంటే మట్టి నాగలికి అంటుకుంటుంది, ఎండిపోతే పెళ్లలుగా లేస్తుంది. ఆ రెంటి నడుమ కొద్దిపాటి వ్యవధిలో నేల పదునులో ఉంటుంది. పిడికెడు మట్టి పిసికి చూసి రైతు అది చెప్పగలడు, ఏ పరికరం లేకుండా. కొలిమి దగ్గర కమ్మరి చూపూ అటువంటిదే. ఈ మాటను వాడుకలోకి తెచ్చినవాళ్లకు పదును అంచులో కంటే అదనులోనే ఎక్కువ కనిపించిందేమో అనిపిస్తుంది.

ఉక్కు అన్న మాటకూ ఒక కథ ఉంది. పాశ్చాత్యులు ‘వూట్జ్’ అని రాసుకున్నది కన్నడ, తెలుగు నోళ్లలోని ఈ ఉక్కేనంటారు. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం అని ఒక ఊరుంది. మట్టి మూసల్లో ఇనుమును కరిగించి, నింపాదిగా చల్లార్చి అక్కడివాళ్లు తీసిన ఉక్కు ముద్దల కోసం పారశీక వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారు. డమాస్కస్ కత్తులుగా లోకం చెప్పుకున్న అలుగుల మీది నీటి అలల వంటి చారలు ఇటువంటి ఉక్కులోంచి వచ్చినవే. 1790లలో దక్షిణాది ఉక్కు ముద్దలు లండన్ చేరాయి. 1795లో జార్జ్ పియర్సన్ దాని మీద రాయల్ సొసైటీకి పత్రం సమర్పించాడు. ఆ తర్వాత పాతికేళ్లకు మైకేల్ ఫారడే అదేమిటో తేల్చుకుని, అటువంటిది తానూ చేయాలని చూశాడు. ఆ పనిలో ఆయనకు తోడు నిలిచిన జేమ్స్ స్టోడార్ట్ కత్తులు, వైద్య పరికరాలు చేసి అమ్మేవాడు. విద్యుత్తు గుట్టు విప్పిన ఫారడే ఒక కమ్మరి కొడుకు.

కోనసముద్రం సంగతి మా మిత్రుడు మొట్టమొదట విన్నది ఒక అమెరికావాడి వీడియోలో. సిగ్గేసిందని చెప్పాడు. అమెరికాలో ఈ సరదా అర్ధశతాబ్దంగా గట్టిగా పాతుకుంది. 1973లో బిల్ మోరన్ పొరలు పొరలుగా అతికిన ఉక్కు కత్తుల్ని ప్రదర్శనకు పెట్టి అందర్నీ కొలిమి వైపు తిప్పాడు. 1976లో కత్తులు సాగగొట్టేవారికి ఒక సంఘమే వెలిసింది. ఆ సంఘం పెట్టే పరీక్ష ముచ్చటైనది. వేలాడే అంగుళం మందం తాడును ఒక్క వేటుకు తెగ్గొట్టాలి, దూలపు చెక్కను నరకాలి, అదే అంచుతో చేతి మీది వెంట్రుకలు గీయాలి, చివరికి అలుగును బిగించి మూలమట్టంగా వంచినా విరగకూడదు. నెగ్గిన కత్తి ఇక దేనికీ పనికిరాదు.

మన ఊళ్లలో ఈ పరీక్షలన్నీ ఏటా తొలకరికి ముందు జరిగేవి, పట్టా ఇచ్చేవాళ్లు లేకుండానే. కర్రు సాగగొట్టించుకోవడానికి, కొడవలికి కక్కు పెట్టించుకోవడానికి కొలిమి దగ్గర రైతులు వరసకట్టేవారు. కూలి డబ్బుల్లో కాదు, పంట చేతికొచ్చాక మేర కింద ధాన్యంలో ముట్టేది. పదును బాగాలేదని ఏడాది మధ్యలో తెచ్చి చూపిస్తే మళ్లీ చేసిపెట్టాల్సిందే. ట్రాక్టరు వచ్చాక కర్రు పోయింది, కోతయంత్రం వచ్చాక కొడవలి పోయింది, ఆ వెనకే మేర పోయింది. కమ్మరి వీధిలో సూదులమ్మినట్టు అన్న సామెత మిగిలింది కానీ కమ్మరి వీధులు ఏవీ? 2023లో కేంద్రం తెచ్చిన విశ్వకర్మ పథకం కింద 18 వృత్తుల్లో కమ్మరం కూడా ఉంది. పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తారు. తన పనిముట్లకు ఇప్పటిదాకా ఎంతయిందో మా మిత్రుణ్ణి అడిగితే మాట మారుస్తాడు.

మొన్న అతను వంకరపోయిన నాలుగో అలుగు పట్టుకుని ఊరి చివర రోడ్డు పక్కకు వెళ్లాడు. మధ్యప్రదేశ్ వైపు నుంచి వచ్చి గుడారం వేసుకున్న కమ్మరుల కుటుంబం అక్కడ గొడ్డళ్లు, కొడవళ్లు చేస్తోంది. భర్త పట్టకారుతో ఇనుము పట్టుకుని తిప్పుతుంటే భార్య నిలబడి సమ్మెట వేస్తోంది. వేటు పడే చోటు ఆవిడకు అతను నోటితో చెప్పడు. చేతిలోని చిన్న సుత్తితో అక్కడ తట్టి చూపిస్తాడంతే. మా మిత్రుడు అరగంట చూస్తూ నిలబడిపోయాడు. ఆ అరగంటలో రెండు కొడవళ్లు తయారయ్యాయి. తర్వాత తన అలుగు చూపించాడు. ఆయన దాన్ని దిమ్మె మీద ఒకసారి టంగుమనిపించి, చెవి వొగ్గి విని, ‘మంట ఎక్కువైంది’ అని వచ్చీరాని తెలుగులో చెప్పి తిరిగిచ్చేశాడు.

పక్కనే ఒకాయన కొడవలి ధర దగ్గర పది రూపాయల కోసం గట్టిగా బేరమాడుతున్నాడట. ఏడాది కిందటైతే తానూ ఆడేవాణ్ణేనని మా మిత్రుడు ఒప్పుకున్నాడు. చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చి ఒక కొడవలి కొని తెచ్చాడు. సెంటు పొలం లేని ఆ ఇంట్లో ఇప్పుడది మేడమీద కొలిమి పక్కన మేకుకు వేలాడుతోంది.