ఎగిరి పడితే బతుకుతామనే నమ్మకం మీద

అనంతపురం, కదిరి, కళ్యాణదుర్గం ప్రాంతాల్లో పాత జీపులున్నవాళ్ల మధ్య ఒక నమ్మకం బాగా నాటుకుపోయింది. టాపు లేని బండికి సీటు బెల్టు ఎందుకంటారు. బోల్తా పడితే బెల్టు మనిషిని బండి కిందే కట్టిపడేస్తుందనీ, అది లేకుంటే ఎగిరి బయటపడి బతికిపోతామనీ వాదిస్తారు. ఈ మాట అనేవాళ్లు నాకు పరాయివాళ్లు కారు. విల్లీస్‌నో, ఎంఎం 540నో ప్రాణంగా చూసుకుంటూ ఎర్రమట్టి దారుల్లో నడుపుతున్నవాళ్లు. అందుకే ఊరుకోలేక చెబుతున్నాను. ఆ నమ్మకం మనుషుల్ని చంపుతుంది.

2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణ నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద, నల్లగొండ జిల్లాలో చనిపోయారు. హిందూపురం వాళ్లకు ఆయన ఎమ్మెల్యేగా తెలుసు. తండ్రి చైతన్యరథాన్ని రాష్ట్రమంతా నడిపిన మనిషి, డ్రైవింగులో ఆయన అనుభవాన్ని శంకించేవారు లేరు. ఆ తెల్లవారుజామున స్టీరింగు ఆయన చేతిలోనే ఉంది. కారు డివైడరును ఢీకొని పల్టీ కొట్టింది, ఆయన బయటికి విసిరేసినట్టు పడ్డారు. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. టాపూ తలుపులూ ఉన్న పెద్ద కారులోంచే అలా జరిగితే, తలుపుల చోట గొలుసులు వేలాడే జీపులో ఏం జరుగుతుందో వేరే చెప్పాలా? బండి ఎంత వేగంతో పోతోందో అంతే వేగంతో మనిషీ బయట పడతాడు. పడేది తారురోడ్డు మీదో, బండరాయి మీదో. వెనకాలే దొర్లుకుంటూ వచ్చే జీపు ఎటు పోవాలో ఎవరూ నిర్ణయించలేరు.

అయితే వాళ్ల భయంలో ఒక నిజం ఉంది, దాన్ని దాటేసి మాట్లాడటం న్యాయం కాదు. గుడ్డ టాపూ, మడిచే విండ్‌షీల్డ్ ఫ్రేమూ తలకిందులైన జీపు బరువు మోయలేవు. అలాంటి బండికి ఒట్టి బెల్టు బిగించడం సగం పనే. ముందు తలకిందులైన బండి బరువు మోసే ఉక్కు కమాను, అంటే రోల్ బార్ పెట్టాలి, దానితోపాటే బెల్టు. అమెరికా సైన్యం తన ఎం151 జీపులు పల్టీలు కొట్టి సైనికుల్ని బలితీసుకుంటుంటే 1980లలో వాటికి రోల్ బార్ కిట్లు అమర్చింది. జీపు పుట్టిన సైన్యానికే తప్పని పని మనకు నామోషీ ఎందుకు కావాలి?

ఇంకొందరు ఒరిజినాలిటీ పోతుందంటారు. మహీంద్రా ఇక్కడ విల్లీస్ జీపులను బిగించడం 1947లో మొదలుపెట్టింది. నడుమునూ భుజాన్నీ కలిపి పట్టే మూడు కొసల బెల్టును వోల్వోలో నిల్స్ బోలిన్ తయారుచేసింది 1959లో. ఆ పేటెంటును వోల్వో అన్ని కంపెనీలకూ వదిలిపెట్టింది. అంటే తొలి జీపుల్లో ఈ బెల్టు లేకపోవడానికి కారణం, అప్పటికి అది లోకంలోనే లేకపోవడం. పైగా మన జిల్లాలో తిరిగే పాత జీపుల్లో ఎన్నింటికి పెట్రోలు ఇంజను మిగిలింది? డీజిలు ఇంజను ఎక్కించాం, పవర్ స్టీరింగు పెట్టించాం, వెడల్పు టైర్లు వేశాం. అవన్నీ ఒప్పుకున్న మనసు ప్రాణం కాపాడే పట్టీ దగ్గర అడ్డం తిరగకూడదు.

నెమ్మదిగా పోతాం కదా అనేది మూడో మాట. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దుకోవడం, రెండంతస్తుల మిద్దె మీద నుంచి నేల మీద పడటంతో సమానం. పాత జీపుల స్టీరింగు కడ్డీ గుద్దుకుంటే మడతపడేది కాదు, నేరుగా ఛాతీకి తగులుతుంది. పైగా గుత్తి నుంచి పెనుకొండ దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద వేగం మన చేతిలోదే కాదు, వెనక వచ్చే లారీదీ. 2022లో సీటు బెల్టు లేక దేశంలో 16,715 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో దాదాపు సగం మంది ప్రయాణికులు.

బెల్టుకు ఒప్పుకున్నవాళ్లు కూడా చాలామంది చౌకగా వస్తుందని చుట్టుకోని బెల్టు బిగిస్తారు. అది వద్దనే అంటాను. జీపులో లో గేరు లివరు కోసం వంగాలి, వంక దిగేటప్పుడు టైరు ఎటు పోతోందో తొంగిచూడాలి. బిగుసుకున్న పట్టీతో ఆ పని కుదరదు కాబట్టి వదులు చేస్తారు, వదులైన బెల్టు గుద్దుకున్నప్పుడు పట్టదు. నాలుగు రోజులకు అది సీటు కింద దుమ్ములో పడి ఉంటుంది. లాగితే వచ్చి, వదిలితే చుట్టుకునే రిట్రాక్టర్ బెల్టునే మనుషులు రోజూ పెట్టుకుంటారు. దాని లోపల చిన్న గుండు ఉంటుంది. బండి హఠాత్తుగా ఆగినా, బాగా వాలినా ఆ గుండు కదిలి చక్రాన్ని పట్టేస్తుంది. అందుకే డబ్బాను కంపెనీ చెప్పిన కోణంలోనే నిలబెట్టాలి. వాలుగా బిగించి, లాగితే రావడంలేదని బెల్టును తిట్టడం బిగించినవాడి తప్పు. గతుకుల్లో అప్పుడప్పుడూ పట్టేయడం లోపం కాదు, దాని పనే అది.

పై కొస భుజం ఎత్తులోనో, కొంచెం పైనో రోల్ బార్‌కు ఉండాలి. కిందికి ఉంటే వెన్నుపూస మీద బరువు పడుతుంది. కింది కొసలు సీటు ఫ్రేముకు కాదు, నేలకు బిగించాలి. తుప్పు తిన్న రేకు బోల్టుతో సహా ఊడి వస్తుంది కాబట్టి, ముందు రేకు మార్పించి, అడుగున అరచేయంత ఉక్కు ప్లేటు వేయించాలి. కిట్టుతో వచ్చిన 7/16 అంగుళాల బోల్టులే వాడాలి. పాత సామాన్ల అంగడిలో యాక్సిడెంటు బండి బెల్టు చవకగా దొరుకుతుంది. ఒకసారి బలంగా లాగబడి సాగిన పట్టీ మళ్లీ కాపాడదు, దాన్ని కొనొద్దు. మన ఎండకు కొత్త పట్టీ కూడా క్రమేణా బలం కోల్పోతుంది, మన దుమ్ము చుట్టలోకి దూరుతుంది. సబ్బునీళ్లతో కడిగి నీడన ఆరబెట్టడం, అంచులు చివికితే మార్చడం యజమాని పని.

వెనక ఎదురెదురు బెంచీల సంగతి వేరు. పక్కకు తిరిగి కూర్చున్న మనిషిని ఏ బెల్టూ సరిగా కాపాడలేదు. జనాన్ని ఎక్కించుకునే జీపు అయితే, వెనక సీటును ముందుకు తిప్పి ఎంతమందికి బెల్టు ఉందో అంతమందినే ఎక్కించాలి. 1994కు ముందు బండ్లకు బెల్టు తప్పనిసరి కాదనే మాట చెల్లుబాటు అవుతోంది గనుకే ఇవేవీ జరగడంలేదు. సొంత బండికి పదిహేనేళ్లు నిండాక తనిఖీ చేసి రిజిస్ట్రేషన్ అయిదేళ్లకోసారి పొడిగిస్తారు. ఆ తనిఖీకి వచ్చిన టాపు లేని జీపుకు రోల్ బార్, ముందు సీట్లకు రిట్రాక్టర్ బెల్టులు లేకపోతే పొడిగించకూడదని రాష్ట్ర రవాణా శాఖ నిబంధన తేవాలి. దాన్ని అడగాల్సింది జీపు యజమానులమే.